పదిహేడో వరస

మా కంపెనీకి పొదుపు నేర్పడానికి వచ్చిన మనిషి మొదటిరోజే కొత్త బల్ల, చక్రాల కుర్చీ, మెడ ఎటు కావాలంటే అటు తిరిగే దీపం తెప్పించుకున్నాడు. ఆ మూడింటి బిల్లూ నా దగ్గరికే వచ్చింది. పందొమ్మిదేళ్ళుగా అకౌంట్స్ సెక్షన్‌లో, ఒక పక్క మరుగుదొడ్డి తలుపు, ఇంకో పక్క ప్రింటరు పెట్టుకుని కూర్చున్నవాణ్ణి. బిల్లు చూస్తే చాలు, మనిషి ఎలాంటివాడో నాకు తెలిసిపోతుంది. ఈయన సంగతీ ఆ పూటే తెలిసింది. తెలిసీ నేనేం చేశానన్నదే ఇప్పుడు చెప్పబోయేది.

ఆయన హోదా ఖర్చుల నియంత్రణాధికారి. అంత పొడుగు మాట పలికే ఓపిక లేక మేం కోతలాయన అన్నాం. ఖర్చులు కోస్తానని వచ్చాడు కాబట్టి ఒక అర్థం, నోరు విప్పితే కోసేవి కోతలే కాబట్టి ఇంకో అర్థం. రెండో పనికి మాత్రం ఆయన ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదు.

మా వ్యాపారం బ్రహ్మవిద్యేమీ కాదు. పంటి డాక్టర్లకూ కంటి డాక్టర్లకూ అపాయింట్‌మెంట్లు రాసిపెట్టే సాఫ్ట్‌వేర్ మాది. ఎవరికి ఎన్నింటికి పన్ను పీకాలి, ఎవరి కళ్ళల్లో ఎన్నింటికి చుక్కలు వెయ్యాలి, ముందురోజు ఎవరికి గుర్తుచెయ్యాలి, అంతా మా పుస్తకంలో ఉంటుంది. పుస్తకం అంటున్నాను గానీ అవి కంప్యూటర్లు. ఆ కంప్యూటర్లు కూడా మావి కావు. క్లౌడ్ అంటారు. పేరు విని మబ్బుల వైపు చూడనక్కర్లేదు. ఎక్కడో ఎవరిదో పెద్ద షెడ్డు, దాన్నిండా మెషీన్లు, మనకు కావలసినన్ని అద్దెకు తీసుకుంటాం. స్విచ్ వేసి ఉన్నంతసేపూ అద్దె నడుస్తూనే ఉంటుంది, అది పని చేసినా, ఊరికే కూర్చున్నా. నెల మొదట్లో బిల్లు వస్తుంది. కంపెనీ మొత్తం బిల్లు చూసేది నేనొక్కణ్ణే. దాన్ని విడదీసి ఏ సెక్షన్ కాగితం ఆ సెక్షన్‌కు పంపుతాను.

ఆ మెషీన్లలో అసలైనవి, అంటే అపాయింట్‌మెంట్ల పుస్తకం ఉన్నవి, చూసుకునే సెక్షన్‌కు పెద్ద మా మరదలు. మా ఆవిడకు స్వయానా చెల్లెలు. మా పెళ్ళినాటికి తనకు పదేళ్ళు. అప్పటినుంచీ నన్ను "బావా, నువ్వు" అనడమే అలవాటు. ఆఫీసులో నలుగురూ ఉంటారు, సార్ అని పిలవమని ఒకసారి మందలించాను. "సార్ అంటే నిన్నే అని నీకెలా తెలుస్తుంది బావా" అంది, ఆ నలుగురి ముందే. ఆరేళ్ళ కిందట తనను ఉద్యోగంలో పెట్టించింది నేనేనని చెప్పుకుంటూ ఉంటాను. నేను పెట్టించడమంటే దరఖాస్తు ఫారం తెచ్చివ్వడం. మిగతాదంతా తన బుర్రే.

లోకంలో అందరూ మెషీన్లకు అంకెలూ అక్షరాలూ గుదిగుచ్చి నోరు తిరగని పేర్లు పెడతారు. ఈవిడ వరసలు పెట్టింది. మిగతా అన్నిటి మీదా కన్నేసి ఉంచి, ఎవరు ఆలస్యంగా జవాబిచ్చారు, ఎవరు ఎక్కువ తింటున్నారు అని పట్టి చెప్పేది అత్తగారు. నెలకోసారి పెద్ద నివేదికలు తియ్యడానికి పిలిచే ఖరీదైన మెషీన్ కొత్తల్లుడు. ఉన్న నాలుగు గంటలూ రాజభోగం, పనవగానే సాగనంపడం. అపాయింట్‌మెంట్ల పుస్తకం రెండు మెషీన్లలో రెండు ప్రతులుగా ఉంటుంది. వాటి పేర్లు అక్క, చెల్లి. ఒకదానికి జబ్బు చేస్తే రెండోది అందుకుంటుంది. తన సెక్షన్ బిల్లులో ఎక్కువ అద్దెది పైన, తక్కువది కింద ఉంటుంది. అన్నిటికంటే కింద, పదిహేడో వరసలో, నెలకు రెండు కాఫీల ఖరీదైనా లేని మెషీన్ ఒకటుంది. దాని పేరు బావ.

మొదటిసారి అది కంటపడినప్పుడు కాగితం పట్టుకుని తన బల్ల దగ్గరికి వెళ్ళాను. ఇంత చవకదానికి నా పేరెందుకని నిలదీశాను. తను కుర్చీ ఇటు తిప్పి నింపాదిగా చెప్పింది.

"అక్కకీ చెల్లికీ మధ్య తీగ తెగిందనుకో బావా. ఒకదానికొకటి కనపడదు. రెండోది చచ్చిపోయిందనుకుని రెండూ ఎవరికివాళ్ళు పుస్తకం రాసేస్తాయి. పదిగంటల కుర్చీ ఇద్దరు పేషెంట్లకి ఇచ్చేస్తాయి. అలా జరక్కుండా మూడోదాన్ని అడుగుతాయి. అది పనేం చెయ్యదు, పుస్తకం కూడా చూడదు. అక్క బాగానే ఉంది, అక్కే రాస్తుంది అని ఒక్కమాట చెప్తుంది. చెల్లి నోరుమూసుకుని కూర్చుంటుంది."

"అది ఆ మాట చెప్పకపోతే?"

"పది సెకన్లు చూస్తాయి. అప్పటికీ పలక్కపోతే రెండూ ఆగిపోతాయి. సాక్ష్యం లేకుండా రాయకూడదు కదా."

ఇంట్లో అక్కచెల్లెళ్ళిద్దరికీ మాటామాటా వచ్చినప్పుడు, చివరికి ఇద్దరూ నావైపు తిరగడం, నేనేదో ఒకటి తేల్చడం మామూలే. అందుకే ఆ పేరట. నా ఛాతీ కాస్త పొంగిన మాట నిజం. ఇంటికెళ్ళగానే మా ఆవిడకు చెప్పుకున్నాను. అంతా విని, "చవకదేగా" అంది.

ఇంతలో కోతలాయన పథకం మొదలైంది. నడవాలో మంచినీళ్ళ మెషీన్ పక్కన తెల్లబోర్డు ఒకటి వెలిసింది. దానిమీద ఐదు సెక్షన్ల పేర్లు, ఎదురుగా ఎవరు ఎంత ఆదా చేశారో వారం వారం అంకెలు. ఆయన లెక్కలో ఆదా అంటే ఆ వారం ఆపేసిన మెషీన్ల నెల అద్దె. అంతే. కొత్తగా ఎన్ని మెషీన్లు వేశారన్న గడి ఆ బోర్డు మీద లేదు. పాపం గీయడం మరిచిపోయాడేమో అనుకున్నాను. ఆదాలో నూటికి పది ఆయన వాటా అన్న ఒప్పందం కాగితం ఫైల్లో పెట్టడానికి నా బల్ల మీదికి వచ్చాక, ఆయన మరిచిపోయేది ఏదీ ఉండదని తెలిసింది.

గడువు మూడు నెలలు. చివరికి పట్టికలో పైనున్న సెక్షన్‌కు షీల్డు. అట్టడుగునున్న సెక్షన్ పెద్దకు ఇంటిదారి. ఇంటిదారి అని ఆయన అనలేదు, "స్వేచ్ఛ ఇస్తాం" అన్నాడు. స్వేచ్ఛ అన్న మాట వినగానే మావాళ్ళు చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది యజమాని. ఆయన ఒకప్పుడు పంటి డాక్టరు. ఆ రోజుల్లో పళ్ళు పీకేముందు మత్తుసూది వేసేవాడట. వ్యాపారంలోకి వచ్చాక ఆ అలవాటు మానేశాడు.

మొదటి వారం మా మరదలి సెక్షన్ ఎదురుగా సున్నా పడింది. రెండోవారం సున్నా. పడక ఏమవుతుంది? రెండేళ్ళ కిందటే, ఎవరూ అడక్కుండానే, తను అన్నీ సర్దేసింది. ఆసుపత్రులు మూసేసే వేళకు సగం మెషీన్లు వాటంతటవే నిద్రపోతాయి, తెరిచే వేళకు లేస్తాయి. అక్కర్లేనిది ఒక్కటీ లేదు. ఆ ఏడాది బిల్లు సగానికి సగం తగ్గితే కంపెనీ తనకు ఒక మెయిల్ పంపింది, అందులో పేరు కూడా తప్పు రాశారు. ఇప్పుడు ఒంటిమీద కండ తప్ప కొవ్వు లేని మనిషిని పట్టుకుని, నెలలో పది కిలోలు తగ్గి చూపించమంటున్నారు.

తగ్గకపోతే ఏమవుతుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. నా తోడల్లుడి ప్రింటింగ్ ప్రెస్ మూతపడి ఏడాదయింది. ఆయన పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఉద్యోగాలు వెతకడానికి బయల్దేరి, మధ్యాహ్నానికి కూరగాయలు పట్టుకుని వస్తాడు. చదువుకునే పిల్లలిద్దరు. ఆ ఇంటికి వచ్చే జీతం మా మరదలిదొక్కటే.

ఇక మిగతా సెక్షన్ల ఘనకార్యం చెప్పాలి. ఎక్స్‌రే బొమ్మలు దాచే సెక్షన్ పెద్దకు పని రాదు గానీ లోకజ్ఞానం దండిగా ఉంది. బోర్డులో లొసుగు అందరికంటే ముందు కనిపెట్టింది ఆయనే. సోమవారం పొద్దున పది పెద్ద మెషీన్లు వేస్తాడు. వాటికి పని ఉండదు, ఊరికే నడుస్తాయి. గురువారం మధ్యాహ్నం పదీ ఆపేస్తాడు. మూడున్నర రోజుల అద్దె కంపెనీ కడుతుంది. పది మెషీన్ల నెల అద్దె ఆదా అయినట్టు బోర్డెక్కుతుంది. రెండు వారాల్లో మిగతా ముగ్గురూ ఆయన శిష్యులైపోయారు. క్యాంటీన్‌లో దీన్ని బాహాటంగానే "మేపి కోయడం" అనేవాళ్ళు. ఈ వారం ఎన్ని మేపుతున్నావంటే ఎన్ని మేపుతున్నావని పలకరింపులు. ముప్పై ఏళ్ళు దాటిన చదువుకున్న మనుషులు, వాళ్ళలో ఒక్కడికీ సిగ్గనిపించలేదు.

నెల తిరిగేసరికి బిల్లు వచ్చింది. బోర్డు ప్రకారం కంపెనీ అద్దెలో మూడోవంతు ఆదా అయింది. బిల్లు ప్రకారం అద్దె నూటికి పన్నెండు పెరిగింది. రెండుసార్లు కూడి చూశాను. పందొమ్మిదేళ్ళలో ఇన్ని కాకిలెక్కలు చూశాను గానీ ఇంత పెద్ద కాకిని ఎప్పుడూ చూడలేదు. ఆవేశంగా బిల్లు పట్టుకుని కోతలాయన గదికి వెళ్ళాను. అవును, వెళ్ళాను. అది కూడా నా ఖాతాలో వెయ్యండి, వేరే ఏమీ పడేది లేదు.

ఆయన బిల్లు వైపు చూడనైనా లేదు. దీపం మెడ వంచుతూ, "అకౌంటెంట్ గారూ, మీరు పెట్టిన ఖర్చు చూస్తున్నారు, నేను పెట్టనివ్వని ఖర్చు చూస్తున్నాను" అన్నాడు. ఆ మాటకు అర్థమేమిటో నాకు ఇప్పటికీ తెలియదు, అన్నవాడికి తెలుసని కూడా అనుకోను. తర్వాత గొంతు తగ్గించి, ఆ మరుగుదొడ్డి పక్కన ఎన్నాళ్ళు కూర్చుంటారండీ, ఆ చివర అద్దాల గది ఖాళీగానే ఉంది కదా, ప్రధాన అకౌంటెంట్ అనే పోస్టు ఒకటి ఉండాలని నేను యజమానికి రాద్దామనుకుంటున్నాను అన్నాడు. ఆ వెంటనే ఒక కాగితం ఇటు జరిపాడు. పైన చూపిన ఆదా వివరాలు సరైనవని ధ్రువీకరిస్తున్నాను, అని దానిమీద ఉంది. కింద నా సంతకానికి చోటు.

ఆ అద్దాల గదికి తలుపుంది. తలుపు వేసుకుంటే ప్రింటరు చప్పుడు వినపడదు, ఇంకే చప్పుడూ వినపడదు, వాసన రాదు. పందొమ్మిదేళ్ళు నాలా కూర్చుని చూడండి, తలుపు విలువేమిటో తెలుస్తుంది. సంతకం పెట్టాను. కాగితం మీదున్నది పట్టికలోని అంకెలు, ఆ అంకెల కూడిక సరిగ్గానే ఉంది, నేను ధ్రువీకరించింది కూడికనే, అని నాకు నేను చెప్పుకున్నాను. రెండోనెల కూడా పెట్టాను. రెండోసారి చెప్పుకోనక్కర్లేకపోయింది.

రెండోనెల మధ్యలో కోతలాయన స్వయంగా మా మరదలి బల్ల దగ్గరికి వేంచేశాడు. నేను ప్రింటరు దగ్గర కాగితాలు సర్దుతున్నట్టు నటిస్తూ అంతా విన్నాను. పదిహేడో వరస మీద వేలుపెట్టి, వాడకం సున్నా, ఇదెందుకని అడిగాడు. తను ఓపిగ్గా అక్క సంగతీ చెల్లి సంగతీ చెప్పింది. ఆయనకు ఎక్కలేదు, ఎక్కినా ఒప్పుకునే మనిషి కాదు.

"ఎప్పుడో పడే తగువుకి ఇప్పటినుంచీ సాక్షిని కూర్చోబెట్టి మేపుతామా?"

"తగువు పడ్డాక సాక్షిని కొనలేం కదండీ."

ఆయన ముఖం మాడిపోయింది. ఆ సాయంత్రం బోర్డు మీద సున్నా పక్కన ఎర్ర అక్షరాలతో 'సహకారం లేదు' అని చేరింది. మంచినీళ్ళకు వెళ్ళిన ప్రతివాడూ అది చదివి, గ్లాసు నింపుకుని, తనవైపు చూడకుండా వెళ్ళిపోయేవాడు. నేను ఇంటినుంచి సీసా తెచ్చుకోవడం మొదలుపెట్టాను.

ఆ ఆదివారం వాళ్ళు మా ఇంటికి భోజనానికి వచ్చారు. తోడల్లుడు పిల్లలతో చదరంగం ఆడుతుంటే, వంటింట్లో గిన్నెలు తుడుస్తున్న మరదలికి నేను పెద్దమనిషి తరహాలో హితబోధ చేశాను. నువ్వు కూడా ఆ కొత్తల్లుణ్ణి నాలుగురోజులు కూర్చోబెట్టి మేపి పంపించెయ్యమ్మా, బోర్డెక్కుతావు, ఉద్యోగం నిలబడుతుంది, ఎవరికి నష్టం అన్నాను. తను గిన్నె తుడవడం ఆపలేదు.

"ఒక్కసారి దొంగ అంకె రాశాననుకో, ఆ తర్వాత అత్తగారు చెప్పే ఏ అంకెనీ నేను నమ్మలేను. నమ్మకపోతే ఈ పని చెయ్యలేను బావా. ఉద్యోగం ఉండి కూడా పోయినట్టే." ఆ గిన్నె బోర్లించి, ఇంకోటి తీసుకుంది. "నువ్వు ఒక్క పని చెయ్యి. నా కాగితం మాత్రమే నాకు తెలుసు. మొత్తం బిల్లు నీ దగ్గరే ఉంది. మీటింగులో నేనడుగుతాను. ఉన్నది ఉన్నట్టు ఒక్కమాట చెప్పు. ఇంకేం వద్దు."

"దానికేం భాగ్యం, చెప్తాను" అన్నాను. మా ఆవిడ స్టవ్ దగ్గరనుంచి నావైపు ఒకసారి తిరిగి చూసింది. నేను సంతకాలు పెట్టిన కాగితాల సంగతి ఆమెకు చెప్పలేదు. చెల్లెలికి ధైర్యం చెబుతూ, "మీ బావ ఉన్నాడుగా" అంది. ఆ మాట అప్పుడు నాకు బాగానే ఉంది.

మూడోనెల బిల్లుతో లెక్క పూర్తయింది. ఒక కాగితం మీద మూడు నెలల మొత్తం వేసి చూసుకున్నాను. అద్దె మొత్తం మీద నూటికి ముప్పై పెరిగింది. ఇక మూడు నెలల్లో మేం చేసిన ఆదా ఎంతంటే, ఆ మూడు నెలల్లో మేం కట్టిన మొత్తం అద్దె కంటే ఎక్కువ. అంటే పెట్టినదానికంటే ఎక్కువ మిగిల్చిన ఏకైక కంపెనీ మాదే. దానిమీద కోతలాయనకు నూటికి పది వాటా. ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాను. మడత పెడుతున్నప్పుడు నేను చెబుతాననే అనుకున్నాను, నన్ను నమ్మండి. నమ్మకపోయినా తప్పులేదు.

మీటింగు పొద్దున పదకొండున్నరకు. పెద్దగదిలో పొడుగుబల్ల చుట్టూ అందరం కూర్చున్నాం. బల్ల మీద షీల్డు ఉంది, దాని అట్ట ఇంకా తియ్యలేదు. కోతలాయన ఊకదంపుడు ఉపన్యాసం ముప్పావుగంట సాగింది. తెరమీద రంగురంగుల స్తంభాలు ఎక్కుతూ పోయాయి. ఎక్స్‌రేల పెద్ద వినయంగా తల వంచుకుని కూర్చున్నాడు, అత్తారింట్లో మొదటిపూట భోజనానికి కూర్చున్నవాడిలా. చివర మా మరదలి స్తంభం వచ్చింది. స్తంభం లేదు, గీత ఉంది. ఈ ఒక్క సెక్షన్ మార్పుకు సిద్ధంగా లేకపోవడం విచారకరం అన్నాడు కోతలాయన. విచారం ముఖంలో ఎక్కడా లేదు.

తను చెయ్యెత్తింది.

"ఆపినవి లెక్కేశారండీ. వేసినవి లెక్కెయ్యలేదు. వారం మొదట్లో వేసినవే వారం చివర ఆపుతున్నారు. మన బిల్లు తగ్గలేదు, పెరిగింది. అకౌంట్స్‌ని అడగండి, మొత్తం కాగితం ఉంది."

యజమాని చిరాగ్గా నావైపు తిరిగాడు. ఆయన మనసు అప్పటికే మధ్యాహ్న భోజనం మీదికి వెళ్ళిపోయింది. "ఏమయ్యా, లెక్కలు సరిగ్గానే ఉన్నాయా?" అన్నాడు. కోతలాయన నన్ను బెదిరించలేదు, సైగ చెయ్యలేదు, నావైపు చూడనైనా లేదు. నా విలువ ఆయనకు ముందే తెలుసు. జేబులో కాగితం ఛాతీకి గుచ్చుకుంటోంది. బల్లకు అవతల, అద్దం గోడలోంచి, ఆ చివర గది తలుపు కనపడుతోంది. నోరు తెరిచాను.

"పట్టిక ప్రకారం అన్నీ సరిగ్గానే ఉన్నాయండి."

చూశారా, అబద్ధం ఆడలేదు. పట్టిక ప్రకారం అన్నాను. ఆ మాట ముందు పెట్టుకునే తెలివి నాకు ఆ క్షణంలో ఎలా తట్టిందో నాకే ఆశ్చర్యం. పిరికితనం అంత చురుగ్గా పనిచేస్తుందని అప్పుడే తెలిసింది.

మా మరదలు నన్ను చూస్తూ ఉండిపోయింది. కోపంగా కాదు. ఇంకా ఏదో అంటానని చూసింది. ఎంతసేపు చూసిందో చెప్పలేను గానీ, పది సెకన్లు ఉంటుంది. తర్వాత ముందున్న నోటు పుస్తకం మూసింది. నేను బల్ల మీది షీల్డు వంక చూస్తూ కూర్చున్నాను. యజమాని లేచి, భోజనానికి పదండి అన్నాడు.

ఆ నెలాఖరుకు తనకు స్వేచ్ఛ ఇచ్చారు. వెళ్ళేముందు రావలసిన జీతం కాగితం మీద అకౌంట్స్ సంతకం కావాలి, అంటే నాది. మధ్యాహ్నం మూడింటికి నా బల్ల ముందు నిలబడింది. ఏదో ఒకటి అనాలని వారంరోజులుగా మాటలు కూడబెట్టుకుంటున్నాను. కుర్చీ చూపించాను, కూర్చోలేదు.

"ఇక్కడండీ సార్. మీరు ఇక్కడ సంతకం పెట్టాలి."

వెక్కిరింత లేదు, ఎత్తిపొడుపు లేదు. రోజూ నా దగ్గరికి వచ్చే పదిమందిలో ఒకరు ఎలా అంటారో అలా అంది. పదేళ్ళ పిల్లప్పటినుంచీ నాకున్న రెండు మాటలు ఒక్కసారే పోయాయి. సంతకం పెట్టాను. మామూలుగా ఒక్క గీతలో వచ్చే సంతకం ఆరోజు రెండు గీతలైంది. తను కాగితం తీసుకుని, థాంక్యూ సార్ అని వెళ్ళిపోయింది.

మా ఆవిడకు నిజం చెల్లెలి నోటినుంచి తెలిసింది. అరిచి ఉంటే బాగుండేది. నెలరోజుల తర్వాత అక్కచెల్లెళ్ళకు పాత వెండి పళ్ళెం గురించి ఏదో తగువు వచ్చింది, ఫోన్లో గొంతులు పెరిగాయి. అలవాటుకొద్దీ పక్కన వెళ్ళి నిలబడ్డాను. మా ఆవిడ నన్ను చూసి, ఫోను పట్టుకుని పక్కగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. కాసేపటికి లోపల్నించి నవ్వులు వినపడ్డాయి. వాళ్ళే తేల్చుకున్నారు.

మరదలికి నలభైరోజుల్లో వేరేచోట పని దొరికింది, జీతం కూడా ఎక్కువే. ఆ సంగతి నాకు చెప్పిన దిక్కులేదు. ఇక్కడి జీతం నిజమేనా అని ఆ కంపెనీ రాసిన ఉత్తరం నా బల్ల మీదికి వస్తే తెలిసింది. నిజమేనని రాసి పంపాను. కోతలాయన నాలుగోనెలలో ఇంకా పెద్ద కంపెనీకి ఇంకా పెద్ద జీతానికి వెళ్ళాడు. మీటింగు మర్నాడు పెట్టిన మూడోదానితో కలిపి, నా సంతకాల కాగితాలు మూడూ రంగుల నకళ్ళు తీయించుకుని మరీ పట్టుకెళ్ళాడు. మా యజమాని వీడ్కోలు సభలో కళ్ళు తుడుచుకున్నాడు. బిల్లు మాత్రం పెరుగుతూనే ఉంది, మేపడం అలవాటైన చేతులు ఊరుకోవు కదా.

మరదలు వెళ్ళిన వారానికే నాకు అద్దాల గది ఇచ్చారు. ఆరోజు తలుపు వేసుకుని, కొత్తనెల బిల్లు ముందేసుకుని, ఒక్కో సెక్షన్ కాగితం విడదీస్తున్నాను. తన సెక్షన్ కాగితం చేతికొచ్చింది. అత్తగారు ఉంది. అక్క ఉంది, చెల్లి ఉంది. కొత్తల్లుడు నాలుగు గంటలు వచ్చి వెళ్ళాడు. ఏదీ ఆపలేదు, ఏదీ చెడగొట్టలేదు, తను వదిలి వెళ్ళిన పుస్తకం తప్పు లేకుండా నడుస్తూనే ఉంది. వేలు కిందికి దించాను. పదిహేడో వరస ఉంది. అద్దె దమ్మిడీ మారలేదు. పేరు మాత్రం బావ కాదు. సాక్షి అని ఉంది.

తన స్థానంలో వచ్చినాయన్ని పిలిచి, ఈ పేరు మీరు మార్చారా అని అడిగాను. కాదండీ, ముందావిడే మార్చారు అని, పేరుమార్పుల చిట్టా తెరిచి చూపించాడు. ఎవరు ఏది మార్చినా అందులో వేళ, కారణం రాయాలని నియమం పెట్టింది కూడా తనేనట. తేదీ మీటింగు రోజుది. వేళ పన్నెండూ ముప్పై. మేమందరం భోజనాల దగ్గర షీల్డుతో ఫొటో దిగుతున్న సమయం అది. కారణం అన్న గడిలో రెండే మాటలున్నాయి. పేరు తప్పు.

ఆయన వెళ్ళాక తలుపు వేసుకున్నాను. బిల్లు మీద సంతకం పెట్టి పాస్ చేశాను.